కారులో వేరు కాపురం

ఆ రోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు నుంచి టంచనుగా బయటపడాలి. కారు తెచ్చి ఇంటి కింద సెల్లార్‌లో పెట్టాలి. అద్దాలు ఎక్కించుకుని నవల ఏడో భాగంలో చివరి అధ్యాయం చదివేయాలి. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, పైకెళ్ళి, మామూలు మనిషిలా వంట చేయాలి. ఇంత నిరపాయకరమైన పథకం వల్ల ఎవరికైనా ఇబ్బంది కలుగుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఆమె ఒక కొరియర్ కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తుంది. పొద్దున కుర్చీలో కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే సాయంత్రం దాకా ఊళ్ళో ఉన్న కోపమంతా ఆ తీగలోంచే వస్తుంది. ఒకాయన పెళ్ళి కోటు ఇంకో ఊరికి పోయి అక్కడ ఎవరి పెళ్ళిలోనో తిరుగుతుంటుంది. ఒకావిడకి కుక్కర్ అందుతుంది కానీ మూత అందదు. తను చేయని తప్పులకు తను తియ్యటి గొంతుతో క్షమాపణలు చెప్పుకుంటూ పోవడమే ఆమె ఉద్యోగం. ఇంటికొస్తే భర్త కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తుంటాడు. ఇంట్లో ఒక గది ఆయన కార్ఖానా. తయారైన సెట్లను ఆసుపత్రుల్లో ఇచ్చి రావడం కూడా కోడలి పనే కాబట్టి, కారు ముందు భాగంలో ఎప్పుడూ రెండు మూడు దవడలు ఇకిలిస్తూ ఉంటాయి.

ఇంత హడావిడిలో ఆమెను నిలబెట్టినవి డ్రాగన్ల నవలలు. వంటశాలలో అంట్లు తోమే ఒక పిల్లకు ఒక డ్రాగన్ దొరుకుతుంది. ఇద్దరూ కలిసి ఏడు లావుపాటి భాగాల పొడుగునా మబ్బుల మీద తిరుగుతారు. మొదట్లో ఆమె వాటిని హాల్లోనే చదవబోయింది. కానీ ఆ ఇంట్లో పుస్తకం పట్టుకున్న మనిషంటే ఖాళీగా ఉన్న మనిషని అర్థం. ఒక పేరా పూర్తయ్యేలోపు, "అమ్మాయ్, ఖాళీయేగా, ఈ సూదిలో దారం ఎక్కించు," అనేవారు అత్తగారు. "ఖాళీయేగా, కాస్త ఈ కింది దవడ పట్టుకో," అనేవాడు భర్త. దాంతో నవల్లోని పిల్ల మంచు కొండ అంచున ఒక కాలు గాల్లో పెట్టి నెల రోజులు అలాగే నిలబడిపోయింది.

ఆ పిల్ల మీద జాలితోనే కోడలు సెల్లార్‌ని కనిపెట్టింది. ఆఫీసు నుంచి వచ్చాక పైకి పోకుండా కాసేపు కారులోనే కూర్చుంటే ప్రపంచంలో ఎవరికీ దారం ఎక్కించక్కర్లేదు. ఆ కాసేపటి కోసం ఆమె రెండు అబద్ధాలు పెంచి పోషించింది. ఇంట్లోవాళ్ళకి, "గడియారం కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా," అని చెప్పేది. టైముకి వదిలిపెట్టని ఆఫీసులో, "మా అత్తయ్యకి ఒంట్లో బాగోలేదు," అని చెప్పేది. రెండూ చిన్న అబద్ధాలే. ఒకదానికొకటి పరిచయం లేదు కాబట్టి హాయిగా బతికేస్తున్నాయి.

పోనుపోను కారులో సౌకర్యాలు పెరిగాయి. హాల్లోంచి ఒక చిన్న దిండు దిగింది. తర్వాత ఒక శాలువా, ఒక జత చెప్పులు, బిస్కెట్ల డబ్బా, క్లిప్పు పెట్టి తగిలించుకునే చిన్న దీపం. డిక్కీలో స్పేర్ టైరు తీసి కార్ఖానా గదిలో ఓ మూల పెట్టేసి, ఆ గుంటలో మొదటి ఆరు భాగాలూ సర్దింది.

వస్తువులు మాయమవుతుండటం ఇంట్లో ఒక్క అత్తగారే గమనించారు. గమనించి నోరు మూసుకున్నారు. దిండు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, శాలువా ఎవరికిచ్చానో గుర్తులేదు, నాకు మతి పోతోంది కాబోలని ఆవిడ లోలోపల వణికిపోతున్నారు. అసలే ఆవిడకి భయం ఎక్కువ. గడప దాటే ఎవరైనా సరే "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. ఆవిడ జీవితంలో ఉత్తి "వెళ్తున్నా" అని వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ కనిపించలేదట. ఒక అన్నయ్య, బళ్ళో పక్కన కూర్చున్న స్నేహితురాలు, పక్కవాటా వాళ్ళు. ఆ పక్కవాటా వాళ్ళ పిల్లి ఏమీ అనకుండా పోయింది కానీ, దాన్ని కూడా ఆవిడ లెక్కలోకి తీసుకుంటారు.

ఆ పొద్దున కోడలు, చేతిలో రెండు దవడలు, నోట్లో కారు తాళం, మనసు నిండా చివరి అధ్యాయంతో పరిగెడుతూ, "వెళ్తున్నా అత్తయ్యా!" అనేసింది.

అత్తగారు బాల్కనీలోకి ఉరికి, "వెళ్ళొస్తా అను! అమ్మాయ్, వస్తా అను!" అని అరిచారు. కారు మలుపు తిరిగిపోయింది. ఆవిడకి ఆ పూట కాఫీ సహించలేదు.

అసలు గొడవ భర్త మంచితనం వల్ల వచ్చింది. పెళ్ళాం రోజూ గడియారం కూడలిలో ఇరుక్కుని నలిగిపోతోందని బాధపడి, ఆయన ట్రాఫిక్ విభాగానికి ఫిర్యాదు చేసి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం అక్కడి అధికారి ఫోన్ చేశాడు.

"సార్, మీ ఫిర్యాదు మీద మా మనిషిని రోజూ అక్కడ నిలబెడుతున్నాం. ఒక్క బండీ ఆగట్లేదండి. ఊదడానికి పని లేక వాడి ఈల తుప్పు పట్టేలా ఉంది."

"సాయంత్రం చూశారా?"

"సాయంత్రమే సార్. కావాలంటే మీరే వచ్చి చూసుకోండి."

మూసలో పోసిన పళ్ళని అలాగే వదిలేసి, సాయంత్రానికి భర్త స్కూటర్ మీద కూడలికి చేరాడు. రోడ్డు కడిగిన పళ్ళెంలా ఉంది. నడిమధ్యలో ఒక కుక్క మాత్రం కాళ్ళు బార్లా చాపి పడుకుంది. ఆయన భార్యకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"ఇంకెక్కడండీ, గడియారం కూడలిలోనే. చీమ దూరే సందు లేదు."

భర్త కుక్క వంక చూశాడు. కుక్క ఆయన వంక చూసింది. "హారన్లు వినపడట్లేదే?" అన్నాడు అనుమానంగా.

"ఎందుకు వినపడవు? ఇదిగో!" అంటూ కోడలు తన కారు హారన్ తనే రెండుసార్లు గట్టిగా నొక్కి, ఫోన్ పెట్టేసి, పేజీ తిప్పింది.

ఆ కారు హారన్‌కి జలుబు చేసిన గొంతు. అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. సెల్లార్‌లోంచి పైకి లేచిన ఆ చప్పుడు విని బాల్కనీలో అత్తగారు ఉలిక్కిపడ్డారు. మన కారే! వచ్చేసిందా? మరి పైకి రాదేం?

భర్తకి మాత్రం బుర్ర తిరిగింది. ఆఫీసులో ఏమైనా జరిగిందేమోనని నేరుగా అక్కడికే వెళ్ళాడు. మేనేజరు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మగారికి ఎలా ఉంది సార్?"

"ఏ అమ్మగారికి?"

"మీ అమ్మగారికేనండి. మంచం దిగట్లేదటగా? పాపం, మేడమ్ రోజూ టైము కాగానే పరిగెడతారు. 'నేను నోట్లో వేస్తే తప్ప మా అత్తయ్య మాత్ర మింగదు' అంటారు. ఇలాంటి కోడలు ఏ ఇంట్లో ఉంటుంది సార్!"

భర్త కుర్చీలో కూలబడ్డాడు. అంతా అర్థమైపోయింది. అమ్మకేదో పెద్ద జబ్బు చేసింది. తను తట్టుకోలేడని అత్తాకోడళ్ళిద్దరూ దాచిపెట్టారు. పెళ్ళాం ట్రాఫిక్ పేరు చెప్పి రోజూ డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి మేనేజరు కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. "పదండి సార్, నేనూ వస్తా, చూసి వెళ్తా," అని దారిలో ఒక పెద్ద బుట్టెడు పళ్ళు కూడా కొన్నాడు. పళ్ళు కొన్నాక మళ్ళీ స్కూటర్ ఎక్కబోతూ భర్త ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, నాకంతా తెలిసిపోయింది. ఇంక దాచకు."

అత్తగారు భయపడుతున్నదే అయింది. మతిమరుపు సంగతి కొడుకు దాకా వెళ్ళిందన్నమాట. "నీకెవరు చెప్పార్రా?"

"ఎవరైతేనేం. ఎప్పటినుంచి?"

"మొదట దిండుతో మొదలైంది నాన్నా."

"దిండా? పడుకుంటే నొప్పా?"

"నొప్పి లేదురా. తర్వాత శాలువా పోయింది. మొన్న చెప్పులు."

జబ్బు తల నుంచి కాళ్ళ దాకా పాకిందని భర్తకి రూఢి అయిపోయింది. "కదలకు! ఎక్కడున్నదానివి అక్కడే ఉండు! వస్తున్నా!" అని అరిచాడు.

కదలకుండా ఉండటం అత్తగారి వల్ల అయ్యే పని కాదు. కారు సంగతి చూద్దామని కిందికి బయల్దేరితే లిఫ్టులో పై అంతస్తు టీచరమ్మ కలిసింది. ఆవిడ రిటైరై చాలా కాలమైంది కానీ, పాఠం చెప్పడం మానలేదు, తరగతే లేదంతే. "ఏమిటి వదినగారూ, ముఖం అలా ఉందేం?" అని అడిగి, సమాధానం పూర్తవకుండానే తనూ కిందికి దిగింది.

సెల్లార్ దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అతను కోడలి రహస్యానికి నమ్మకమైన కాపలాదారు.

"మా అమ్మాయి వచ్చిందా?" అన్నారు అత్తగారు.

"నేనేం చూళ్ళేదండి."

"కారు అక్కడే ఉందిగా!"

"ఉంటే ఉందండి. ఆ తల్లి రోజూ కారులో కూర్చుని కళ్ళొత్తుకుంటుందని నేనెవరితోనైనా అన్నానా? అననండి. నా ప్రాణం పోయినా అనను."

ఆడవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. చప్పుడు కాకుండా స్తంభం చాటుకి చేరి తొంగిచూశారు. కారులో సీటు వెనక్కి వాల్చి ఉంది. తల కింద హాల్లో ఉండాల్సిన దిండు. కాళ్ళ మీద శాలువా. పక్కన బిస్కెట్ల డబ్బా. తలుపుకు తగిలించిన దీపం. కింద జత చెప్పులు, ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు బుద్ధిగా.

"నాకు మతి పోలేదు!" అన్నారు అత్తగారు. సంతోషం పట్టలేక టీచరమ్మని కావలించుకున్నారు. "అన్నీ ఇక్కడే ఉన్నాయి! నేను మరిచిపోలేదు!"

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ మళ్ళీ ఒకసారి దిండునీ దీపాన్నీ చెప్పుల్నీ చూశారు. చూసి గుండె పట్టుకున్నారు.

"వదినా! ఇది వేరు కాపురం పెట్టేసింది!"

"కారులోనా?"

"కారులోనే! ఇంకేం కావాలి కాపురానికి? పొద్దున 'వెళ్తున్నా' అంది. వస్తానన్లేదు!"

లోపల కోడలి ఒళ్ళో ఉన్న పుస్తకం వాళ్ళకి కనపడలేదు. కనపడిందల్లా బుగ్గల మీద కారుతున్న కన్నీళ్ళూ, "వెళ్ళకు, వెళ్ళకు," అంటున్న పెదవులూను.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "చూశారా, వెళ్ళొద్దని తనకి తనే నచ్చజెప్పుకుంటోంది. అంటే వెళ్ళాలనే ఉందన్నమాట. మామూలు వేరు కాపురమైతే ఫర్వాలేదు వదినగారూ, ఇల్లు ఎక్కడికీ పోదు. ఇది చక్రాలున్న కాపురం. తాళం తిప్పిందంటే దిండుతో సహా పోతుంది."

"అయితే చక్రాలు తీసేయండి!" అన్నారు అత్తగారు.

చక్రాలు తీయడం కష్టం గానీ గాలి తీయొచ్చని వాచ్‌మన్ చెప్పాడు. రహస్యం బయటపెట్టని మనిషే అయినా, చేతికి పని దొరికితే ఆగే రకం కాదు. వంగి, పాకి, టైరు తర్వాత టైరు మూత విప్పాడు. బుస్సుమని గాలి పోతుంటే కారు మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. లోపల కోడలు ఒరిగిన వైపే తలకింద దిండు సర్దుకుంది. ఇంకో పక్క కూడా కుంగింది. ఒక బిస్కెట్ నోట్లో వేసుకుని పేజీ తిప్పింది. నవల్లో ఆ సమయానికి డ్రాగన్ రెక్కలు ముడుచుకుని కిందికి దిగుతోంది. కాబట్టి అంతా సరిగ్గానే ఉన్నట్టు ఆమెకి అనిపించింది.

సరిగ్గా అప్పుడే స్కూటర్ మీద భర్తా, పళ్ళ బుట్టతో మేనేజరూ దిగారు. మంచం దిగలేని మనిషి నాలుగో టైరు దగ్గర గొంతుక్కూర్చుని, "ఇంకా తియ్యి, ఇంకా తియ్యి," అంటూ వాచ్‌మన్‌కి టార్చిలైటు చూపిస్తోంది.

"అమ్మా! నిన్ను కదలొద్దన్నానా!" అని భర్త ఆవిణ్ణి అమాంతం ఎత్తుకోబోయాడు.

"నన్నెందుకురా ఎత్తుకుంటావ్! నీ పెళ్ళాం వెళ్ళిపోతోంది, ముందు దాన్ని పట్టుకో!"

"ఈవిడేనా పేషెంటు?" అన్నాడు మేనేజరు, బుట్ట ఎవరికివ్వాలో తెలియక.

"పేషెంటెవరు? నువ్వెవరు బాబూ?" అన్నారు అత్తగారు.

"మీకు మాత్రలు వేయడానికి మేడమ్ రోజూ..."

"నాకా? నా పళ్ళన్నీ నావే. ఈ ఇంట్లో అది మామూలు విషయం కాదు తెలుసా! నాకు మాత్రలేంటి?"

ఇంతకాలం ముఖాలు చూసుకోకుండా బతికిన ఆ రెండు అబద్ధాలూ పళ్ళ బుట్ట సాక్షిగా ఎదురెదురుగా నిలబడ్డాయి. భర్త ఒకదాని వంకా, మేనేజరు ఇంకోదాని వంకా చూస్తుండిపోయారు. చివరికి భర్తే వెళ్ళి కారు అద్దం మీద టకటకా కొట్టాడు.

కోడలు తల ఎత్తలేదు. ఒక వేలు మాత్రం ఎత్తింది. ఉద్యోగం నేర్పిన తియ్యటి గొంతుతో, "దయచేసి లైన్‌లో ఉండండి," అంది.

అందరూ లైన్‌లోనే ఉన్నారు. టీచరమ్మ చేతులు కూడా కట్టుకుంది. కాస్తంత సేపటికి కోడలికి ఎందుకో అనుమానమొచ్చి తల తిప్పింది. కిటికీ నిండా మొహాలు. భర్త, అత్తగారు, మేనేజరు, టీచరమ్మ, వాచ్‌మన్, ఆపిల్ పళ్ళు. ఆమె అద్దం కిందికి దించింది.

"ట్రాఫిక్..." అని మొదలుపెట్టి, మేనేజరుని చూసి, "అత్తయ్యకి..." అని మార్చి, అత్తగారిని చూసి ఆగిపోయింది. తర్వాత పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. "రోజూ కాసేపే అత్తయ్యా! కాసేపు ఎవరికీ సారీ చెప్పకుండా కూర్చుందామని! ఇంకొక్క పేజీ ఉంది!"

అత్తగారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి కోడలి గడ్డం పట్టుకున్నారు. "ముందు ఇది చెప్పు. నువ్వు వెళ్ళిపోతున్నావా?"

"నేనా? ఎక్కడికి? వెళ్ళిపోతోంది డ్రాగన్ అత్తయ్యా!"

"అదెవరే?"

కోడలు ముక్కు ఎగబీలుస్తూ చెప్పింది. అంట్లు తోమే పిల్ల, మంచు కొండ, ఏడు భాగాల స్నేహం. డ్రాగన్ ముసలిదైపోయింది. ముసలి డ్రాగన్లు ఆకాశం అంచు దాటి వెళ్ళిపోవాలి. ఇప్పుడు ఇద్దరూ ఆ అంచున నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ చేతిలో టైరు మూత అలాగే ఉంది. మేనేజరు ఒక ఆపిల్ తీసి, కొరకడం మర్చిపోయాడు.

"వెళ్ళేటప్పుడు ఏమంది?" అన్నారు అత్తగారు. "'వెళ్తున్నా' అందా, 'వెళ్ళొస్తా' అందా? ముందు అది చెప్పు."

"అది చివరి పేజీలో ఉంటుంది. చదవనా?"

"వద్దు!" అత్తగారు చటుక్కున పుస్తకం లాక్కుని మూసేశారు. "వెళ్తున్నా అందంటే ఈ పూట నేను తట్టుకోలేను. అసలు ఆ పిల్లెవరో, దానికి ఇదెలా దొరికిందో నాకు తెలియాలి. మొదటి భాగం ఎక్కడ?"

"డిక్కీలో."

"డిక్కీలో స్పేర్ టైరు ఉండాలిగా?" అన్నాడు భర్త.

ఆ మాటకి అందరూ నేలకి అంటుకుపోయిన నాలుగు టైర్ల వంకా చూశారు.

మర్నాడు కోడలు బస్సులో ఆఫీసుకి వెళ్ళింది. గడప దాటేటప్పుడు "వెళ్ళొస్తా" అని రెండుసార్లు చెప్పింది. ఆఫీసులో చీవాట్లు తప్పవనుకుంది గానీ, మేనేజరు గది తలుపు వేసుకుని ఉన్నాడు. కాసేపటికి తల బయటపెట్టి, "మేడమ్, ఆ మంచు కొండ దగ్గర పిల్ల పడిపోతుందా? మొహమాటపడకండి, చెప్పేయండి," అని అడిగాడు. ఒక భాగం పళ్ళ బుట్టలో అడుగున పెట్టుకుపోయింది ఆయనేనని అప్పుడు తేలింది.

సాయంత్రం కోడలు నిజంగానే ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఆలస్యంగా, అలిసిపోయి ఇల్లు చేరింది. తలుపు తీసింది. సూదిలో దారం ఎక్కించమనేవాళ్ళు లేరు. దవడ పట్టుకోమనేవాళ్ళు లేరు. బాల్కనీలోంచి తొంగిచూస్తే సెల్లార్ గుమ్మం దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద మూడో భాగం పట్టుకుని కూర్చున్నాడు. లోపల నుంచి, "వదినగారూ, పేజీ తిప్పండి, నాదెప్పుడో అయిపోయింది," అన్న టీచరమ్మ గొంతూ, "ఆగండి టీచరుగారూ, నేనింకా పేజీ సగంలోనే ఉన్నా," అన్న భర్త గొంతూ వినపడ్డాయి.

ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె హాల్లో సోఫా మీద, నిశ్చింతగా, కాళ్ళు పూర్తిగా చాపుకుని పడుకుని ఏడో భాగం చివరి పేజీ తీసింది. డ్రాగన్ ఏమందో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు, అత్తగారు ఇంకా మొదటి భాగంలోనే ఉన్నారు. కోడలు మాత్రం చదివింది, కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, మళ్ళీ చదివింది.

ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, వంట నువ్వు కానిచ్చేయ్. నాకు ఆలస్యమవుతుంది. ట్రాఫిక్‌లో ఉన్నా." వెనక నుంచి జలుబు గొంతు హారన్ రెండుసార్లు మోగింది.

"తొందరేం లేదు అత్తయ్యా. నెమ్మదిగా రండి, ఎవర్నీ ఓవర్‌టేక్ చేయకండి," అంది కోడలు.

అత్తగారికి డ్రైవింగ్ రాదు.